థైరాయిడ్ తగ్గినప్పటి నుంచి పుస్తకం పట్టలేకపోతున్నాను. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

కోనేటిగట్టు
తిరుపతిలో ఉంటాను, వయసు 41. పోయిన నెల రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 18 వచ్చింది. డాక్టరమ్మ హైపోథైరాయిడ్ అని చెప్పి 50 మైక్రోగ్రాముల మాత్ర రాశారు. ఒళ్లు బరువు, దిండు నిండా జుట్టు, మే నెలలో కూడా ఫ్యాన్ కింద కూర్చుంటే వణుకు, ఇవన్నీ ఎందుకో ఆవిడ చెప్పగానే అర్థమైంది. నా బాధ వేరే. నాకు చిన్నప్పటి నుంచి చదువు పిచ్చి. రాత్రి గిన్నెలు కడిగి, వంటింట్లో లైటు ఆర్పాక కాసేపు పుస్తకం పట్టకపోతే నిద్ర వచ్చేది కాదు. ఇప్పుడు పేజీ తిప్పితే వెనక పేజీలో ఏముందో గుర్తుండటం లేదు. నవలలో నలుగురు మనుషులు వస్తే ఎవరు ఎవరికి ఏమవుతారో మళ్లీ వెనక్కి పోయి చూసుకోవాలి. ఇంట్లో చెబితే ఫోన్ ఎక్కువైంది అంటారు మావారు. మా అత్తగారైతే బద్ధకం అని తేల్చేశారు. బరువు పెరిగినందుకు కూడా ఇంత ఏడవలేదు నేను. మాత్ర వాడితే చదువు తిరిగొస్తుందా? వచ్చేదాకా మీరంతా ఏం చదివారు?

నీవానది
మా చిత్తూరులో నేనూ ఇదే పడ్డాను అక్కా. అక్షరాలు కనిపిస్తాయి, మాట బుర్రకెక్కదు. బద్ధకం అనేవాళ్లకు ఈ ఒళ్లు ఒక్కరోజు అరువిస్తే తెలుస్తుంది. తిరిగొస్తుంది, కంగారు పడొద్దు.

మామిడి_మండీ
నాకు థైరాయిడ్ లేదు, పరీక్ష చేయించుకున్నా, నార్మల్. అయినా ఈ మధ్య రెండు పేజీలు దాటడం లేదు. ఫోన్ వల్లే అనిపిస్తోంది. మీవారి మాట పూర్తిగా కొట్టేయకండి మేడమ్.

నీవానది
ఫోన్ వల్ల మనసు నిలవకపోవడం వేరు అన్నా. అప్పుడు చెయ్యి పుస్తకం వదిలి ఫోన్ మీదకు పోతుంది. ఇందులో చెయ్యి యాడికీ పోదు. పుస్తకం ఒళ్లో అట్లే పెట్టుకుని గోడ చూస్తా కూర్చుంటాం.

కోనేటిగట్టు
గోడ చూస్తా కూర్చోవడం. సరిగ్గా అదే.

రక్తపుచుక్క
తిరుపతిలో ల్యాబ్‌లో పని చేస్తాను. డాక్టర్‌ని కాను, రోజూ రిపోర్టులు చూసే మనిషిగా చెప్తున్నా. "18 ఉందంటే థైరాయిడ్ ఎక్కువైనట్టే కదా" అని కౌంటర్ దగ్గర ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కాదు. టీఎస్‌హెచ్ థైరాయిడ్ నుంచి రాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది. గొంతులో గ్రంథి కునుకు తీస్తుంటే పైనుంచి "లెయ్, పని చెయ్" అని అరిచే మేస్త్రీ కేక లాంటిది అది. గ్రంథి ఎంత మందగిస్తే కేక అంత పెద్దది. మామూలుగా 0.4 నుంచి 4 దాకా ఉండాలి, ల్యాబును బట్టి కొంచెం అటూ ఇటూ.

ఇంకో సంగతి. మాత్రలో ఉండేది థైరాక్సిన్. అది రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందుకే కొత్త డోసు మొదలుపెట్టాక ఒంట్లో ఒక మట్టానికి రావడానికి వారాలు కావాలి, 6 నుంచి 8 వారాలకు గానీ మళ్లీ పరీక్ష రాయరు. పది రోజులకే "ఏం తేడా లేదు" అని వచ్చి రక్తం ఇచ్చి పోయేవాళ్లను చూస్తే బాధేస్తుంది, డబ్బు దండగ. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవాళ్లు పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, అది లెక్కల్ని తారుమారు చేస్తుంది. ఎవరూ అడగకపోయినా మీరే చెప్పండి. కోనేటిగట్టు గారూ, మీకు నెల కూడా సరిగ్గా నిండలేదు. కొంచెం ఆగండి.

మామిడి_మండీ
మేస్త్రీ కేక బాగుంది. సీజన్‌లో మా మండీకి పరీక్ష చేస్తే టీఎస్‌హెచ్ 180 వస్తుంది.

పాకాల_ప్యాసింజర్
నాకు ఇది వచ్చి చాలా ఏళ్లయింది. నాది హషిమోటో రకం, అంటే మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పోయి థైరాయిడ్ మీద పడుతుంది. 1912లో హషిమోటో అనే జపాన్ డాక్టర్ దీని గురించి మొదట రాశాడు కాబట్టి ఆ పేరు. యాంటీ టీపీఓ అనే రక్తపరీక్షలో తెలుస్తుంది.

చదువు సంగతి చెప్తా. ఆ రోజుల్లో కొత్త నవల మొదలుపెట్టొద్దు. మనుషుల పేర్లు గుర్తుపెట్టుకోవడానికే ఉన్న శక్తంతా పోతుంది. నేను ఎప్పుడో చదివేసిన పుస్తకాలు మళ్లీ తీశాను. కథ ముందే తెలుసు కాబట్టి ఎక్కడ తప్పిపోయినా భయం లేదు. తర్వాత చిన్న కథలు, అందులోనూ మన చిత్తూరు మాటలో రాసినవి. చదువుతుంటే పక్కింటోళ్లు మాట్లాడుతున్నట్టే ఉంటుంది, అర్థం చేసుకోవడానికి కష్టపడాల్సిన పని లేదు.

అసలు నన్ను కాపాడింది మాత్ర వేసుకున్నాక వచ్చే గంట. మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, కాఫీకీ టిఫిన్‌కీ అరగంట నుంచి గంట ఆగాలి. వెంటనే కాఫీ తాగితే మందు సరిగ్గా ఒంటికి పట్టదు. మొదట్లో ఆ గంట గడియారం చూస్తా వంటింట్లో అటూ ఇటూ తిరిగేదాన్ని, ఇంట్లో అందరి మీదా కోపం వచ్చేది. ఇప్పుడు ఆ గంట పుస్తకానిది. రాత్రి పడుకునే ముందు మాత్రల డబ్బా పుస్తకం మీద పెడతాను, పక్కన చెంబుతో నీళ్లు. పొద్దున్నే డబ్బా కోసం చెయ్యి చాపితే పుస్తకం కూడా చేతికొస్తుంది. ఊళ్లో గుడి మైకు అప్పుడే మొదలవుతుంది, ఇంట్లో ఎవరూ లేవరు, ఎవరూ ఏదీ అడగరు. అలసిపోయిన బుర్రతో రాత్రి పది పేజీలు చదివినా ఒక్కటీ నిలవదు. పొద్దున రెండు పేజీలు చదివితే ఆ రెండూ నిలుస్తాయి. కోనేటిగట్టు అక్కా, నువ్వు చదివే వేళ మార్చి చూడు.

రైల్లో చదువుతానేమో అనుకుంటారు నా పేరు చూసి. లేదు, పాకాల నుంచి తిరుపతి దాకా నిద్రే.

అలిపిరి_మెట్టు
నేను ప్రతి ఏడాదీ నడిచి కొండెక్కేదాన్ని. 3,550 మెట్లూ ఆగకుండా కాకపోయినా హాయిగా ఎక్కేదాన్ని. టీఎస్‌హెచ్ పెరిగిన ఏడాది గాలిగోపురం దగ్గరే కాళ్లు పట్టేశాయి. ఒంట్లో కండరాలకు ఎట్లా ఉందో బుర్రకూ అట్లే ఉంటుంది. కొండ దగ్గర కూర్చుని ఊపిరి తీసుకోమని అందరూ చెప్తారు, పుస్తకం దగ్గర మాత్రం ఎవరూ చెప్పరు.

కోనేటిగట్టు
పాకాల అక్కా, ఆ గంటలో నేను ఫోన్ చూస్తున్నాను ప్రస్తుతం. రేపటి నుంచి మారుస్తా. కాల్షియం మాత్ర కూడా రాశారు, అది ఎప్పుడు?

రక్తపుచుక్క
కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ మధ్య 4 గంటలు ఉండాలి. మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకునేవాళ్లు ఎక్కువ. మీ డాక్టరమ్మతో ఒకమాట చెప్పండి.

ఫిల్టర్_డికాషన్
పొద్దున్నే గంట కాఫీ లేకుండా నా వల్ల కాదు. మా డాక్టర్‌తో మొరపెట్టుకుంటే రాత్రి పడుకునేటప్పుడు వేసుకోమన్నారు, భోజనానికీ మాత్రకూ 3 గంటల ఎడం ఉండాలన్నారు. రాత్రి ఏడున్నరకే తినేసి మాత్ర కోసం మేలుకుని ఉంటాను. ఆ 3 గంటలూ నా పుస్తకానివే. కాబట్టి మాత్రతో పాటు చదువు అనే మాట నాకూ వర్తిస్తుంది, వేళ మాత్రం తిరగబడింది.

లెక్కల_మాస్టారు
మా ఆవిడకు 60 దాటాక బయటపడింది. గొంతు బొంగురుపోయింది. పండగపూట పాట పాడమంటే నోరు తెరిచేది కాదు. మాట నిదానం, నడక నిదానం. వయసు మీద పడింది అన్నారు చుట్టాలందరూ. రక్తపరీక్ష చేస్తే గానీ అసలు సంగతి తెలియలేదు. ఆమెకు గుండె సమస్య కూడా ఉంది కాబట్టి డాక్టర్ 25తో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. పెద్దవాళ్లకు, గుండె జబ్బున్నవాళ్లకు ఒకేసారి ఎక్కువ ఇవ్వరు.

ఆమె కూడా మంచి పాఠకురాలు. చదవలేక పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. కళ్లెదుట ఉంటే బాధ అని. అప్పుడు నేను చదివి వినిపించడం మొదలుపెట్టాను. సాయంత్రం దీపం పెట్టాక, వరండాలో, రోజుకొక కథ. మధ్యలో ఆపి "ఇప్పుడేం జరిగింది చెప్పు" అని ఒక్కసారి కూడా అడగలేదు. 30 ఏళ్లు బడిలో అదే పని చేశాను, ఆ ప్రశ్న మనిషిని ఎంత చిన్నబుచ్చుతుందో తెలుసు. నవ్వొచ్చే చోట ఆమె ఆలస్యంగా నవ్వేది. నేను తర్వాతి వాక్యంలోకి వెళ్లిపోయాక అప్పుడు నవ్వు వచ్చేది. డోసు సర్దుకునే కొద్దీ ఆ ఎడం తగ్గుతూ వచ్చింది. రిపోర్టు రాకముందే నాకు తెలిసేది. ఇప్పుడైతే నేను ఆ వాక్యానికి రాకముందే నవ్వుతుంది, పగలే నాకంటే ముందు చదివేసి ఉంటుంది కాబట్టి.

ఆ నెలల్లో నాకు ధైర్యం ఇచ్చింది కూడా ఒక చదువే. ఈ జబ్బు చరిత్ర. 1891 దాకా దీనికి మందు లేదు. మనిషి మందగించి మందగించి పోవడమే. ఆ ఏడాది ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ ఊళ్లో జార్జ్ ముర్రే అనే కుర్ర డాక్టర్ గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని ఒకామెకు సూదిమందుగా ఇచ్చాడు. ఆమె ఆ తర్వాత దాదాపు 28 ఏళ్లు బతికింది. 1914లో అమెరికాలో కెండాల్ థైరాక్సిన్‌ను విడిగా తీయగలిగాడు. ఇప్పుడు మనం వేసుకునేది ప్రయోగశాలలో తయారయ్యేది, గొర్రెతో పని లేదు. జీవితాంతం మాత్రా అని ఏడ్చేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆ మాత్ర లేని కాలంలో మన నాయనమ్మలకు ఏమయ్యేదో ఆలోచించండి.

కోనేటిగట్టు
మాస్టారూ, ఆలస్యంగా వచ్చే నవ్వు దగ్గర ఆగిపోయాను. నాకూ అట్లే వస్తోంది. అందరూ నవ్వి మాట మార్చేశాక నాకు నవ్వొస్తుంది, అప్పుడు నన్ను వింతగా చూస్తారు.

తలకోన_మూలిక
ఇంత కష్టం ఎందుకు. కాంచనార గుగ్గులు వాడండి, క్యాబేజీ, కాలీఫ్లవర్ పూర్తిగా మానేయండి, మూడు నెలల్లో మాత్ర ఆపేయవచ్చు. మా బంధువు ఒకరు ఆపేశారు.

పాకాల_ప్యాసింజర్
ఆపేశాక మీ బంధువు టీఎస్‌హెచ్ ఎంత అన్నా? పరీక్ష చేయించారా?

తలకోన_మూలిక
పరీక్ష తెలీదు. ఆయన బాగానే ఉన్నాడు.

లెక్కల_మాస్టారు
బాబూ, మూలికల మీద నాకు గౌరవం ఉంది, మా తాతగారు నాటువైద్యం చేసేవారు. కానీ మాత్ర ఆపమని ఇక్కడ రాయొద్దు. ఇది చదివి ఎవరో ఒకామె నిజంగానే ఆపేస్తుంది. పెద్దవాళ్లు పూర్తిగా మానేస్తే ఒళ్లు చల్లబడి, మత్తుగా పడిపోయి, ప్రాణం మీదకు వచ్చే పరిస్థితి ఉంటుంది. అది ఆస్పత్రికి పరుగెత్తాల్సిన సంగతి.

రక్తపుచుక్క
క్యాబేజీ ఉడికించి మామూలుగా తింటే ఏమీ కాదు. అయోడిన్ ఉప్పు వాడితే చాలు, అయోడిన్ మంచిదని విడిగా మందులు మింగితే కొందరికి ఇంకా చెడుతుంది.

బైరాగిపట్టెడ_బుజ్జి
నేను గర్భవతిని, 50 వాడుతున్నా. ఇక్కడ చదివి భయమేస్తోంది. ఆపకూడదు కదా?

నీవానది
అస్సలు ఆపొద్దు తల్లీ. గర్భంతో ఉన్నప్పుడు మందు అవసరం ఇంకా పెరుగుతుంది, బిడ్డ మెదడు ఎదుగుదలకు అది కావాలి. గర్భం అని తెలియగానే డాక్టర్‌కు చెప్పి డోసు చూపించుకోవాలి. ఇంకా చెప్పలేదంటే రేపే వెళ్లు. భయపడుతూ ఇక్కడ కూర్చోవద్దు.

బైరాగిపట్టెడ_బుజ్జి
రేపు ఎల్లుండి కాదు, ఈ సాయంత్రమే ఫోన్ చేస్తా అక్కా.

పలమనేరు_అబ్బాయి
నేను బెంగళూరులో ఉద్యోగం, అమ్మ పలమనేరులో ఒంటరిగా ఉంటుంది. ఆమెకు కూడా థైరాయిడ్. ఇంతకుముందు వారపత్రిక వస్తే ఆ పూటే సీరియల్ చదివి నాకు ఫోన్లో కథ చెప్పేది. ఇప్పుడు పత్రికలు చుట్టిన రబ్బరు బ్యాండ్ కూడా తీయకుండా అట్లే పడున్నాయి. అడిగితే "కళ్లు లాగుతున్నాయి" అంటుంది. నేను ఏం చేయగలను? ఆడియో పుస్తకాలు పెట్టివ్వచ్చా?

ఫిల్టర్_డికాషన్
ఆడియో చదవడం కిందకు రాదు. వింటూ మనసు ఎటో పోతుంది, మళ్లీ వెనక్కి తిప్పుకోవడం ఇంకా కష్టం.

లెక్కల_మాస్టారు
నేను మా ఆవిడకు చేసిందే మరి అది. విన్నదీ చదివినట్టే. పురాణ కాలక్షేపం విని పెరిగినవాళ్లం మనం.

ఫిల్టర్_డికాషన్
మీరు పక్కన కూర్చుని చదివారు మాస్టారూ. ఆమె నవ్వడం ఆలస్యమైతే ఆగారు. యంత్రం ఆగదు కదా.

లెక్కల_మాస్టారు
ఆ మాట ఒప్పుకుంటాను.

పాకాల_ప్యాసింజర్
@పలమనేరు_అబ్బాయి అయితే నువ్వే ఆగి చదువు తమ్ముడూ. ఇంతకుముందు అమ్మ నీకు కథ చెప్పేది కదా, ఇప్పుడు రోజూ రాత్రి ఫోన్లో నువ్వు ఒక కథ చదివి వినిపించు. ముందు మాత్రం ఊరికొచ్చి పరీక్షలు చేయించు. టీఎస్‌హెచ్ ఒక్కటే కాదు, హిమోగ్లోబిన్, బీ12, విటమిన్ డీ కూడా. నీరసమంతా థైరాయిడ్ ఖాతాలో వేసేయకూడదు. కళ్లజోడు కూడా చూపించు. ఇష్టమైనవి కూడా పట్టకుండా పోయాయంటే దిగులు జబ్బు ఏమైనా ఉందేమో, అది కూడా డాక్టర్‌కు చెప్పు. మాత్రలు ఏ వేళకు వేసుకుంటోందో, కాఫీతో వేసుకుంటోందేమో కనుక్కో.

పలమనేరు_అబ్బాయి
కాఫీతోనే వేసుకుంటోంది అక్కా. ఇప్పుడే అడిగాను. మాత్ర, కాఫీ, బీపీ మాత్ర అన్నీ ఒకేసారి. ఈ శనివారం వస్తున్నా.

కొత్తపేట_లక్ష్మి
శనివారం అంటే గుర్తొచ్చింది. నేను పెరటాసి శనివారాలు ఒక్కపొద్దు ఉంటాను. స్వామికి కొబ్బరికాయ కొట్టేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను. ఆ రోజు మాత్ర మానేయవచ్చా?

అలిపిరి_మెట్టు
నేనూ ఒక్కపొద్దే. మాత్రకు కావాల్సిందే ఖాళీ కడుపు, ఇంతకంటే మంచి రోజు ఏముంటుంది? గుక్కెడు నీళ్లతో వేసుకుంటాను. మందుకు తాగిన నీళ్లకు స్వామి కోప్పడడు. పూజ అయ్యేదాకా పుస్తకం, నాకైతే ఆ శనివారాలు టీటీడీ వాళ్లు అచ్చేసిన సంకీర్తనల సంపుటాలే. ఒక్కో కీర్తన పల్లవి, మూడు చరణాలు. బుర్ర ఎంత మొద్దుబారినా మూడు చరణాలు పడుతుంది. అర్థం కాని మాట పెన్సిల్‌తో గీసిపెట్టి, బుర్ర తేలికపడ్డ రోజు నిఘంటువు చూస్తాను.

నీవానది
ఇది మంచి మాట. నేను వంటల పుస్తకాలు చదివాను ఆ రోజుల్లో. నవ్వొద్దు. ఒక్కో పేజీలో ఒక్కో వంట, అక్కడికి అయిపోయింది, ముందు పేజీ గుర్తుండాల్సిన పని లేదు. వండాలని కాదు, ఒక పేజీ మొదలుపెట్టి పూర్తి చేశానన్న తృప్తి కోసం.

మామిడి_మండీ
వండకుండా చదివారా? పనసకాయ పులావు పేజీ నాకు పంపండి, నేను వండుతా.

కోనేటిగట్టు
చాలా రోజుల తర్వాత రాస్తున్నా. మళ్లీ పరీక్ష అయింది. టీఎస్‌హెచ్ 7కి దిగింది, డాక్టరమ్మ మాత్ర 75 చేశారు. చలి తగ్గింది, పొద్దున లేచినప్పుడు వేళ్లు ఉబ్బడం లేదు, ఉంగరం తిరుగుతోంది.

పొద్దున గంట మొదలుపెట్టాను. మొదట్లో పుస్తకం తెరిచి గోడే చూశాను, అబద్ధం ఎందుకు. పాకాల అక్క చెప్పినట్టు ఎప్పుడో చదివిన కథలే తీశాను. మూడు పేజీల కథను ముక్కలు ముక్కలుగా చదివేదాన్ని, ఆగిన చోట చిన్న గీత. ఇప్పుడు గీతలు దూరం జరుగుతున్నాయి. మొన్న ఒక కథ ఒకే గంటలో మొదటి నుంచి చివరిదాకా చదివి, మధ్యాహ్నం ఆఫీసులో పక్క సీటు ఆమెకు మొత్తం చెప్పగలిగాను. మనుషుల పేర్లతో సహా. చెప్తుంటే గొంతు వణికింది. ఆమెకు ఎందుకో అర్థం కాలేదు, ఇక్కడ మీకు అవుతుంది.

మాస్టారి పోస్టు మావారికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కానీ ఫోన్ ఎక్కువైంది అన్న మాట మళ్లీ రాలేదు, పొద్దున నేను చదువుతుంటే గది తలుపు దగ్గరగా వేసి పోతున్నారు. మా అత్తగారు మాత్రం ఇంకా బద్ధకమే అంటున్నారు. అననీ.

లెక్కల_మాస్టారు
శుభం తల్లీ. పేర్లతో సహా చెప్పగలిగావంటే 7 అని రిపోర్టు చూడకపోయినా నేను నమ్ముతాను.

రక్తపుచుక్క
నేను మాత్రం రిపోర్టే నమ్ముతా మాస్టారూ, నా పని అది. 75కి మారారు కాబట్టి మళ్లీ 6 నుంచి 8 వారాలకు రండి మేడమ్. డబ్బా అయిపోతే అదే కంపెనీ మాత్ర కొనండి, మార్చాల్సి వస్తే డాక్టర్‌కు చెప్పండి.

పలమనేరు_అబ్బాయి
అమ్మకు హిమోగ్లోబిన్ కూడా తక్కువే ఉంది. ఐరన్ మాత్ర రాశారు. దానికీ థైరాయిడ్ మాత్రకూ మధ్య గ్యాప్ పెట్టి, ఏ మాత్ర ఏ వేళకో పెద్ద అక్షరాలతో రాసి వంటింటి గోడకు అంటించాను. రోజూ రాత్రి ఫోన్లో చదువుతున్నా. నిన్న "అంత గబగబా చదవొద్దు, ఆ అమ్మాయి ఏమందో మళ్లీ చెప్పు" అంది.

పాకాల_ప్యాసింజర్
మళ్లీ చెప్పమని అడిగిందంటే కథలో ఉందన్నమాట. మెల్లగా చదువు తమ్ముడూ.

కోనేటిగట్టు
ఇంట్లో ఉన్న కథల పుస్తకాలు అయిపోవచ్చాయి. ఊళ్లో గవర్నమెంటు లైబ్రరీలో ఇంటికి పుస్తకాలు ఇస్తారా? ఆఫీసుకు శుక్రవారం సెలవు పెట్టి వెళ్దామనుకుంటున్నా.

అలిపిరి_మెట్టు
ఇస్తారు. డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకోవాలి, ఆధార్ జిరాక్స్ పట్టుకెళ్లండి. శుక్రవారం మాత్రం వద్దు, లైబ్రరీకి ఆ రోజే సెలవు. శనివారం పొద్దున రండి, నేనూ వస్తాను, కథల బీరువా ఎక్కడుందో చూపిస్తా.